అమ్మ నంబరు

రెండు టిక్కులు పడ్డాయి, నీలం మాత్రం కాలేదు. అంటే గురమ్మక్క ఫోను ప్రాణంతోనే ఉంది, ఎవరో ఛార్జింగ్ పెట్టారు, దానికి వైఫై తగులుకుంది, కానీ అది ఆమె చేతిలో లేదు. ఆమె పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలి డ్రాయర్లో, అతిథులకు తీసే మంచి చెంచాల పక్కన, బోర్లా పడుకుని ఉంది. ఆ డ్రాయరుకూ నాకూ మధ్య ఒక గోడ, ఒక ఇనప గేటు, వరసగా నిలిపిన నాలుగు పెద్ద కార్లు, జూలై నెల ఎండ ఉన్నాయి. నేను వీధికి ఇవతల మా కారులో కూర్చున్నాను. పక్కన మా ఆయన సాదిక్ సీటు వెనక్కి వాల్చి, జుమ్మా నమాజు తర్వాత తిన్న అన్నం బరువుతో గురక పెడుతున్నాడు. కారు ఏసీ ఆయన గురకతో పోటీపడి ఓడిపోతోంది. డ్యాష్‌బోర్డు మీద టైము రెండూ ఇరవై ఎనిమిది. దానికి రెండున్నర గంటలు కలపాలి. కువైట్‌కు వచ్చిన మొదటి వారంలోనే ఈ కూడిక వచ్చేస్తుంది, ఆ తర్వాత కలలో కూడా వదలదు. రాయచోటిలో నాలుగూ యాభై ఎనిమిది. ఆరింటికి కౌన్సెలింగ్ వెబ్‌సైట్ మూసేస్తారు. ఆ లోపల, అక్కడ నెట్ సెంటర్లో కూర్చున్న గురమ్మక్క కూతురు వెంకటేశ్వరి, మాకు ఈశ్వరి, ఏ ఇంజనీరింగ్ కాలేజీ కావాలో వరసగా పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఈ ఏడు సీటు లేదు. పెట్టుకోవాలంటే లోపలికి పోవాలి, పోవాలంటే ఓటీపీ కావాలి, ఆ ఆరంకెలు అమ్మ నంబరుకే వస్తాయి. అమ్మ నంబరు చెంచాల పక్కన ఉంది. ఇంతే సంగతి. మిగతాదంతా నేను బుర్రలో కలిపిందే మళ్లీ మళ్లీ కలుపుతున్న పిండి.

అమ్మ నంబరు పెట్టమన్నది నేనే. ఇది మా ఆయనకు చెప్పలేదు, చెబితే నిద్రలేచి నవ్వుతాడు. మార్చిలో దరఖాస్తు నింపేటప్పుడు ఈశ్వరి అడిగింది, మేడం, ఫోన్ నంబర్ అంటే ఏది పెట్టమంటారు, నాది హాస్టల్లో ఎప్పుడు ఏ సిమ్ చవగ్గా ఉంటే అది వేస్తాను అని. నేను పెద్ద అనుభవజ్ఞురాలిలా, అమ్మ ఇండియా నంబరు పెట్టు, అది పదేళ్లుగా మారలేదు, ఇకముందు మారదు అన్నాను. నిజమే, మారలేదు. మా వైపు గల్ఫ్ ఇళ్లన్నిటికీ అంతే. ఆధారుకు అమ్మ నంబరు, బ్యాంకుకు అమ్మ నంబరు, గ్యాసు బండకు అమ్మ నంబరు. అమ్మ మాత్రం సముద్రానికి ఇవతల. ఊళ్లో గ్యాసు బండి గేటు ముందుకొచ్చి నిలబడితే, ఇక్కడ గిన్నెలు తోముతున్న మనిషి జేబులో ఫోను మోగుతుంది, ఆమె చేతులు తుడుచుకుని నాలుగంకెలు అక్కడికి చెబితే తప్ప బండ దిగదు. ఇంటి తాళంచెవి అంటే మాకు రోమింగ్‌లో ఉన్న సిమ్‌కార్డే. అది ఇంకొకరి డ్రాయర్లో పడొచ్చని, బీఎస్సీ మ్యాథ్స్ చదివిన నాకు, సంభావ్యత అనే పాఠంలో నూటికి తొంభై రెండు తెచ్చుకున్న నాకు, తట్టలేదు. గురువారం ఈశ్వరి హెల్ప్ సెంటరుకు పోయి నంబరు మార్చమని అడిగింది. రెండు రోజులు పడుతుందన్నారు. అప్పటికి ఉన్నది ఒకటిన్నర రోజు.

గేటు అవతల నుంచి పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం, కొడుకులు కోడళ్లు కూతుళ్లు అల్లుళ్లు అందరూ మామా ఇంటికి భోజనానికి వచ్చే రోజు. మామూలుగా రెండింటికల్లా తిని లేస్తారు, తర్వాత గురమ్మక్కకు ఫోను చేతికొస్తుంది, ఆమె వంటింటి వెనక వాషింగ్ మెషిన్ మీద కూర్చుని నాకు వాయిస్ పెడుతుంది, "టీచరమ్మా, నా బిడ్డ ఎట్ల చదువుతాంది" అని. ఆ వాయిస్ వెనక మెషిన్ తిరిగే చప్పుడు ఉంటుంది. నా వాయిస్‌ల వెనక కుక్కర్ ఉంటుంది. ఈశ్వరి చదువు ఈ రెండు మోతల మధ్యే నడిచింది. ఈశ్వరితో కలిపి నా దగ్గర ఫోన్లో లెక్కలు నేర్చుకునేవాళ్లు అయిదుగురు, అందరూ పాలిటెక్నిక్ డిప్లొమా పిల్లలు, అందరి అమ్మో నాన్నో ఇక్కడే, ఒకరు సబ్హాన్ గోడౌన్లో, ఒకరు మహబూలాలో మా పై అంతస్తులో ఎనిమిది మంది కలిసి ఉన్న గదిలో. పదో తరగతి తర్వాత ఇంటరుకు పోకుండా డిప్లొమాకు పోయిన వాళ్లు, మూడేళ్లకు ఉద్యోగం వస్తుందని పోయిన వాళ్లు. అక్కడి నుంచి ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి ఎక్కాలి. లెక్కలు వీళ్లకు సగం చెప్పి వదిలేసి ఉంటారు, మిగతా సగం వచ్చినట్టే అక్కడ పాఠం మొదలవుతుంది. ఆ సగానికి నేను. చక్కెర డబ్బాకు ఫోను ఆనించి, ఉల్లిపాయలు వేగేలోపు ఒక సమీకరణం. మూడు విజిళ్లకు ఒక లెక్క అని పిల్లలే నియమం పెట్టారు. ఒకసారి కరెంటు పొయ్యి మీద పప్పు పెట్టి విజిల్ రాకముందే జవాబు చెప్పేస్తే, ఈశ్వరి "మేడం, పప్పు ఉడకలా, ఇంగోసారి చెప్పండి" అంది. తప్పు నాదే, గుర్తు మార్చడం మర్చిపోయాను, మైనస్ ప్లస్ అయిపోయింది. పప్పు ఉడకలేదని ఎంత మర్యాదగా చెప్పింది.

మిగతా నలుగురూ బుధవారమే పెట్టేసుకున్నారు, వాళ్లు నంబరు సంగతి నన్ను సలహా అడగలేదు కాబట్టి.

రెండూ నలభై. ఈశ్వరి మెసేజ్: మేడం, ఇంకోసారి పంపనా? వద్దమ్మా అని కొట్టాను. పొద్దుటి నుంచి తొమ్మిది సార్లు పంపింది, తొమ్మిది ఓటీపీలు ఆ డ్రాయర్లో పుట్టి పది నిమిషాలు బతికి చచ్చిపోయాయి. నేను చెప్పేదాకా నొక్కొద్దు, ఆఖర్న వచ్చిందే పనికొస్తుంది, అమ్మ తొమ్మిదింటిలో ఏది చదువుతుందో అని రాశాను. సరే మేడం అంది. సరే అనే పిల్లల్ని చూస్తే నాకు భయం. నేనూ సరే అన్న పిల్లనే. బీఎస్సీ అయిపోయాక ఎమ్మెస్సీకి రాశాను, తిరుపతిలో వచ్చేంత ర్యాంకే వచ్చింది, ఆ కార్డు అబ్బాజాన్ పెట్టెలో షాదీ కార్డు నమూనాల కింద ఉండిపోయింది. ఎవరూ వద్దనలేదు. ఎవరైనా వద్దని ఉంటే ఈపాటికి చెప్పుకోవడానికి ఒక కథ ఉండేది, పోట్లాడాను అని, ఏడ్చాను అని. ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు, తేదీ దాని పాటికి అది దాటిపోయింది. సీటు పోవడమంటే పెద్ద చప్పుడుతో పోతుందనుకుంటారు. అది పాలు విరిగినట్టు పోతుంది. ఎప్పుడు విరిగాయో తెలియదు, చూసేసరికి విరిగి ఉంటాయి. అందుకేనా ఈ పాఠాలు అని సాదిక్ ఒకసారి అడిగాడు, అల్ రాయ్‌లో విడిభాగాల స్టోరు చూసే మనిషి, ఏ బండికి ఏ మర సరిపోతుందో చూడగానే చెప్పేస్తాడు. కాదు, ఊరికే పొద్దుపోవడానికి అన్నాను. ఆయన నమ్మినట్టు తల ఊపాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఇదొక సౌకర్యం.

గురమ్మక్కను మొదటిసారి చూసింది రెండేళ్ల కిందట, వేలిముద్రల క్యూలో. దేశంలో ఉన్నవాళ్లందరూ వేలిముద్రలు ఇచ్చుకోవాలని ఆ ఏడు చెప్పారు కదా, ఆ క్యూలో నా ముందు ఆమె, నల్ల గౌను, తలకు గుడ్డ, చేతిలో ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు. మెషిన్ మీద చెయ్యి పెట్టింది, తీసుకోలేదు. తుడిచి పెట్టమన్నారు, తీసుకోలేదు. తొమ్మిదేళ్ల క్లోరిన్ నీళ్లకు ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, నున్నగా, స్టీలు గరిటె వెనక భాగంలా ఉన్నాయి. పక్కకు కూర్చోమన్నారు. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను, నాకేమీ పని లేదు, కుతూహలం తప్ప. ఏ ఊరక్కా అంటే చిన్నమండెం దగ్గర అంది. నేను చదువుకున్న దాన్నని తెలిసిన క్షణం నుంచి వేళ్ల సంగతి వదిలేసి కూతురి సంగతి ఎత్తుకుంది. "మా పాప కరెంటు చదువు చదువుతాంది, పాలిటెక్నిక్. దాని పైన ఇంగా పెద్ద చదువు ఉండాదంటనే, అందులోకి నేరుగా పోవచ్చంటనే, నిజమేనామ్మా?" నిజమే అన్నాను. "ఎవురు చెప్తారు దానికి?" నేను చెప్తాననలేదు. ఎవరో ఒకరు చెప్తారులే అన్నాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకు నా నంబరు ఇచ్చేశాను. మూడో గంటలో ఆమె బొటనవేలు ఎలాగో పట్టుకుంది మెషిను. "చూడుమ్మా, ఇది నేనేనని తేల్చినారు" అని నవ్వింది. ఆ తర్వాత ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు. అంతా గొంతే.

సోమవారం వచ్చిన గొంతు ఇది, ఇప్పటికి పదిసార్లు విన్నాను, ఇప్పుడు సాదిక్ నిద్ర చెడకుండా చెవికి ఆనించుకుని మళ్లీ వింటున్నాను. "టీచరమ్మా, రేపు మామాకు చెప్పేస్తా. సెప్టెంబర్లో ఇఖామా అయిపోతుంది, మళ్లీ కొట్టియొద్దు అని చెప్తా. పదకొండేండ్లాయ. పాప కాలేజీలో చేరేటప్పుడు నేను పక్కన ఉండల్ల. ఒక గది తీసుకుని ఉంటాం ఇద్దరం, అది చదువుకుంటాది, నేను ఏదో ఒకటి చేసుకుంటా." వెనక మెషిన్ తిరుగుతోంది, లోపల ఏదో గుండీ డబ్బాకు కొట్టుకుంటోంది, టక టక. రేపు చెప్తా అంది. మంగళవారం చెప్పింది కాబోలు. మంగళవారం సాయంత్రం నుంచి ఫోను ఒక్క టిక్కు. బుధవారం ఒక్క టిక్కు. ఆ ఇంట్లోనే కారు నడిపే మనిషి మా మహబూలా కొట్లో కనబడి సాదిక్‌తో అన్నాడట, మామా కోపంలో ఉంది, పోతానన్న మనిషికి ఫోనెందుకు అని డ్రాయర్లో పెట్టింది, శుక్రవారం చూద్దామంది అని. పదకొండేళ్లు తన పిల్లల పిల్లల్ని పెంచిన మనిషి పోతానంటే మామాకు మాత్రం బాధ ఉండదా, ఉంటుంది. మన బాధ డ్రాయరు దాకా పోదు, అంతే తేడా.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని పక్కకు నెట్టి ఇంకేదో ఆలోచిస్తున్నాను, అది మళ్లీ వచ్చి కూర్చుంటోంది. మే నెలలో ఈశ్వరికి ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా పిలుపొచ్చింది. పోతాను మేడం, అమ్మ ఈ నెలలోనే వచ్చేయొచ్చు అంది. వద్దు, ఇంత ర్యాంకు పెట్టుకుని పోతావా, ఇంకో మూడేళ్లు ఓర్చుకో అన్నాను. సరే మేడం అంది. ఓర్చుకోవాల్సింది ఎవరు, నేనా. నేను మా వంటింట్లో కూర్చుని ఇంకొకరి మూడేళ్లను ఎంత తేలిగ్గా అన్నాను. బ్రాకెట్లోంచి మూడును బయటికి తీసినట్టు.

రెండూ యాభై ఒకటి. ఇక్కడ బెల్లు కొట్టి, ఏమండీ మీ పనిమనిషి ఫోను ఇప్పించండి అంటే ఏమవుతుంది. మామా ఇవ్వచ్చు. మామా కొడుకులు బయటికొచ్చి నువ్వెవరు అనొచ్చు. నేను వెళ్లిపోయాక గురమ్మక్కను ఎవరో ఒకరు, ఊళ్లో వాళ్లకంతా మన ఇంటి సంగతులు చెప్తున్నావా అని అడగొచ్చు. పోయే మనిషికి టికెట్టు, కాగితాలు, సంతకం అన్నీ ఆ చేతుల్లోనే ఉన్నాయి. కొట్టకపోతే ఏమవుతుంది, అది తెలుసు. అయినా ఇంటి నుంచి వచ్చేటప్పుడు నేను ఒక డబ్బాలో ఫిర్నీ తెచ్చాను, పైన పిస్తా కూడా చల్లి. ధైర్యం లేనప్పుడు నేను తీపి చేస్తాను. ఆ డబ్బా నా ఒళ్లో చల్లగా ఉంది, పద్ధతి గల మనిషిలా.

"ఏమే," అన్నాడు సాదిక్ కళ్లు తెరవకుండా. "బెల్లు కొడతావా, ఇంటికి పోదామా? ఇంజను ఉడుకుతాంది."

"మీరు కొట్టరాదా?"

"నేనా? నేను మగోణ్ని. ఆ ఇంట్లో పనిమనిషి కోసం మగోడు బెల్లు కొడితే నీ చదువు కాదు, నా చదువయిపోతాది."

నిజమే. దిగాను. ఎండ మొహం మీద వేడి పెనంలా ఆనింది. కార్ల మధ్యలోంచి పోయి, పెద్ద గేటు కాదని పక్కనున్న చిన్న తలుపు దగ్గర నిలబడి, నొక్కాను. ఫిర్నీ పంచడానికి వచ్చిన దాన్నే కదా. తలుపు తెరుచుకుంది. గురమ్మక్కే. నేను అనుకున్నదానికంటే పొట్టిగా ఉంది, లేక రెండేళ్లలో నా బుర్రలో ఆమె పొడుగైందేమో. ముంగురులు చెమటకు అతుక్కున్నాయి, ఒంటి నిండా కుంకుమపువ్వు అన్నం వాసన. నన్ను చూసి తలుపు సగం మూసింది.

"ఎందుకొచ్చినావు టీచరమ్మా, లోపల అందరూ ఉండారు."

"ఫోనక్కా. ఓటీపీ. పాప నెట్ సెంటర్లో ఉంది, మూడున్నరకు మూసేస్తారు."

"ఈ పొద్దా? ఈ పొద్దే ఆఖరా?"

ఆమెకు తేదీ కూడా తెలియదు. మంగళవారం నుంచి ఆమెకు ఎవరు చెప్తారు. ఒక్క క్షణం ఆమె నా భుజం మీదుగా వీధిని చూసింది, వీధిలో ఏమీ లేదు, మా కారు తప్ప. తర్వాత నా చేతిలో డబ్బా తీసుకుంది. "ఎండలో నిలబెడుతున్నానని ఏమీ అనుకోగాకు" అని తలుపు వేసింది.

గోడ నీడ అరచేతి వెడల్పు ఉంది, అందులో నిలబడ్డాను. లోపల పిల్లలు, ప్లేట్లు, ఎవరో టీవీ. తర్వాత మామా గొంతు, గట్టిగా ఏమీ లేదు, నీరసంగా, మా అత్తగారు మధ్యాహ్నం మాట్లాడే గొంతే. గురమ్మక్క అరబ్బీ, పదకొండేళ్ల అరబ్బీ, నాకు అందులో నాలుగు మాటలు తప్ప రావు. మామా ఏదో అడిగింది. గురమ్మక్క ఏదో చెప్పింది. మళ్లీ మామా అడిగింది, ఈసారి చిన్నగా. గురమ్మక్క, "ఖలాస్ మామా, ఖలాస్" అంది, ఇంక తేలిపోయింది అన్నట్టు. డ్రాయరు తెరిచిన చప్పుడు, చెంచాలు ఒకదానికొకటి తగిలాయి. నా ఫిర్నీ పని చేసింది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, పిస్తా చల్లడం మంచిదయింది అని కూడా.

మూడూ ఆరు. తలుపు తెరుచుకుంది, ఫోను దాచుకోకుండా చేతిలోనే పట్టుకుని వచ్చింది. నేను ఈశ్వరికి ఫోను కలిపి స్పీకరు పెట్టి, ఇప్పుడు నొక్కు అన్నాను. మేమిద్దరం ఆ ఫోను మీదికి వంగి, పొయ్యి వెలుగుతుందా అని చూసే ఆడవాళ్లలా నిలబడ్డాం. వచ్చింది. గురమ్మక్క చదివింది, ఒక్కో అంకె మీద వేలు పెట్టి, "నాలుగు. సున్న. ఏడు. మళ్లీ ఏడు. ఒకటి. తొమ్మిది."

"పోయినా మేడం, లోపలికి పోయినా," అంది ఈశ్వరి. తర్వాత, గొంతు మారి, "అమ్మా."

"మాట్లాడగాకు, పెట్టుకో పెట్టుకో, టైమైపోతాది."

పెట్టుకుంది. వరస మేం నెల ముందే రాసి ఉంచాం, అనంతపురం యూనివర్సిటీ కాలేజీ ఎలక్ట్రికల్ మొదట. రెండు చోట్ల కీబోర్డు చప్పుడు మాత్రమే వినిపించింది, ఈశ్వరిదీ, ఆ పక్కన ఇంకెవరిదో. గురమ్మక్క ఆ చప్పుడును తల వంచి విన్నది, కూతురు అన్నం తింటుంటే పక్కన కూర్చుని విన్నట్టు. చివర్న ఖాయం చేయడానికి ఇంకో ఓటీపీ. అదీ చదివింది. అయిపోయిందమ్మా అని ఈశ్వరి అంది, ఏడుస్తోందో నవ్వుతోందో ఆ స్పీకరులో తేలలేదు, లైను పోయింది. మూడూ పంతొమ్మిది. పదకొండు నిమిషాలు మిగుల్చుకున్నాం, జీవితంలో ఎప్పుడూ ఏదీ మిగుల్చుకోని వాళ్లం.

"ఫిర్నీ నచ్చిందా మామాకు?" అన్నాను, గొప్పకు.

"యాడ తినింది, పక్కన పెట్టింది, తీపి పడదు ఆమెకు."

"మరి ఫోనెట్ల ఇచ్చింది?"

గురమ్మక్క తలుపు గడియను పైకీ కిందికీ ఆడించింది. "ఉంటానని చెప్పినా."

"ఏం ఉంటానని?"

"ఈడే. ఇంగో రెండేండ్లు. ఇఖామా కొట్టియమన్నా. ఒట్టు పెట్టమనింది, పెట్టినా." ఆ అరిగిన వేళ్లతో మొహం తుడుచుకుంది. "పాపకు చెప్పగాకు టీచరమ్మా. ఈ పొద్దు వద్దు. నేనే చెప్తా, మెల్లిగా. నువ్వు పో, ఎండ." లోపలి నుంచి ఎవరో గురమ్మా అని పిలిచారు. "జాయా మామా" అని, వస్తున్నానంటూ పోయింది, పరుగు కాదు, నడక. తలుపు మెత్తగా పడింది.

నేను బెల్లు కొట్టకపోయి ఉంటే. అరగంట కిందట ఆ మాటకు ఒకటే జవాబు, సీటు పోతుంది. ఇప్పుడు ఆ మాట నాతోపాటు కారులోకి ఎక్కి మధ్యలో కూర్చుంది. గురమ్మక్కను అడిగి ఉంటే ఏమనేదో తెలుసు, బెల్లు కొట్టమనేది. అది తెలియడం నాకేమీ సాయం చేయడం లేదు. సాదిక్ సీటు నిటారు చేసి, అద్దంలో నా మొహం చూసి, "పని కాలేదా?" అన్నాడు.

"అయింది."

గేరు వేశాడు. రోడ్డు ఎక్కాక ఫోను మోగింది, ఈశ్వరి వాయిస్, ఎప్పుడూ లేనంత పొడవు. "మేడం, ప్రింటు తీసుకున్నా. రిపోర్టింగ్ సెప్టెంబర్లో ఉంటాదంట. అమ్మ అప్పటికి వచ్చేసింటాది కదా మేడం, ఇద్దరం కలిసి పోతాం. మీరు చూసినారు కదా అమ్మను, ఎట్లుంది? లావయిందా? ఏమనింది మేడం, వచ్చేది ఏ తేదీ అనింది?"

బటను నొక్కి పట్టుకున్నాను. ఎన్ని సమీకరణాలు ఈ బటను నొక్కి చెప్పాను. అమ్మ బాగుంది అని మొదలుపెట్టాలి, అదైతే నిజమే. ఆ తర్వాత వచ్చే మాట కోసం చూస్తున్నాను, ఏసీ చల్లగాలి మొహానికి కొడుతోంది, పక్క లైన్లో లారీ ఒకటి దాటిపోయింది, తెర మీద సెకన్ల ఎర్ర అంకెలు ఏడు, ఎనిమిది, తొమ్మిది అని పెరుగుతున్నాయి, పదకొండు దగ్గర వేలు జారింది. వెళ్లిపోయింది. రెండు టిక్కులు, వెంటనే నీలం.

జవాబు కూడా వెంటనే వచ్చింది. "మేడం, ఏం వినపడలేదు. కుక్కర్ కూడా లేదు."